మధ్యాహ్నం ఒంటిగంటకు సోల్ నైట్

మా ఎదురింట్లోకి ఉమామహేశ్వరిగారు దిగిన రోజు, ట్రక్కులోంచి సామానంతా మూవర్లే దించారు, పదకొండు అట్టపెట్టెలు తప్ప. వాటిని ఆవిడ ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఒక్కొక్కటే పొట్టకి ఆనించుకుని, నిద్రపోయిన పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళి, కూర్చోమనకముందే అడిగేశాను.

"ఏమున్నయక్కా వీటిల్ల? బంగారమా?"

"పాటలమ్మా" అంది.

ఒక పెట్టె తెరిచి చూపించింది. ఫలహారం ప్లేటంత నల్లటి రికార్డులు, అటొక పాట, ఇటొక పాట. అరవైలలో, డెబ్బైలలో ఇక్కడ అమెరికాలో నల్లజాతి గాయకులు పాడినవి. వాటిని సోల్ అంటారని, ఆ రికార్డులు వేస్తూ జనం కూడే సాయంత్రాలని సోల్ నైట్లంటారని నాకు ఆ రోజే తెలిసింది. ప్రతి కాగితం కవరు మీదా పెన్సిల్‌తో తెలుగులో ఒక ముక్క రాసి ఉంది. "అరోరా: అందరూ లేచారు." "అరోరా: ఒక్కరూ లేవలేదు. హేవర్డ్: ఒకాయన టోపీ తీశాడు." ఏమిటివని అడిగితే నవ్వి మూత పెట్టేసింది.

ఆ ముక్కల వెనక సంగతులు తర్వాత రెండేళ్ళలో, నా కార్లో ఆమెను పక్క ఊరు గెయిన్స్‌విల్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చే దారిలో, కొంచెం కొంచెంగా విన్నాను.

ఉమక్కది బాపట్ల. 2009 డిసెంబర్లో భర్త కృష్ణమోహన్‌గారి ఉద్యోగం వెంట ఇల్లినాయ్‌లో, షికాగో పక్కనున్న అరోరాకి వచ్చింది. హెచ్-ఫోర్ వీసా. అంటే ఇంట్లో ఉండొచ్చు, ఉద్యోగం చెయ్యకూడదు. మూడో అంతస్తు అపార్ట్‌మెంటు కిటికీలోంచి చూస్తే పార్కింగ్ లాటు, దాని మీద మంచు, ఆ మంచు మీద ఇంకొంచెం మంచు. ఆ చలికాలంలో తను మాట్లాడిన మాటలన్నీ కుక్కర్ కూతలకంటే తక్కువని చెప్పింది.

ఒక రోజు పోస్టులో పార్క్ డిస్ట్రిక్ట్ వాళ్ళ క్లాసుల పుస్తకం వచ్చింది. అందులో "స్టెప్పింగ్, కొత్తవారికి, బుధవారం ఆరున్నర" అని ఉంది. పీటలాంటి దాని మీద ఎక్కి దిగే ఎక్సర్‌సైజ్ అనుకుంది. ట్రాక్ ప్యాంటు, స్పోర్ట్స్ షూస్, వాటర్ బాటిల్, భుజం మీద తువ్వాలు. అలా వెళ్ళి తలుపు తీసింది.

లోపల ముప్పై మంది దాకా ఉన్నారు. యాభై, అరవై దాటినవాళ్ళు. మగవాళ్ళ తోలు బూట్లలో లైట్లు కనిపిస్తున్నాయి. ఆడవాళ్ళ గౌన్లకి ఇస్త్రీ మడత నలగలేదు. జంటలు జంటలుగా, ఎవరికీ ఏ తొందరా లేకుండా, నీళ్ళ మీద పడవలు ఒకదాన్నొకటి తప్పుకుంటున్నట్టు తిరుగుతున్నారు. స్టెప్పింగ్ అంటే షికాగోవాళ్ళ జంట నాట్యమని అప్పుడు తెలిసింది. ఉమక్క తలుపు మూసేసి వెనక్కి వచ్చేయబోయింది. నేర్పే ఆయన పిలిచాడు. ఆయన పేరు క్లైడ్. సిటీ బస్సు డ్రైవరుగా రిటైరైనవాడు.

"ఎక్కడికి వెళ్తున్నావు? వచ్చింది ఇక్కడికే కదా?"

"ఎక్సర్‌సైజ్ అనుకున్నానండీ."

"ఇదీ ఎక్సర్‌సైజే. కాకపోతే బరువు తగ్గరు" అని ఒక కుర్చీ చూపించాడు. "ముందు కూర్చుని విను."

కూర్చుంది. చిన్నప్పుడు నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్న చెయ్యి ఊరుకోలేదు. తొడ మీద దానంతటదే ఆదితాళం వెయ్యడం మొదలుపెట్టింది. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. క్లైడ్ అది చూశాడు.

"ఆ చెయ్యి ఏం చేస్తోంది?"

"లెక్కపెడుతోందండీ. ఎనిమిది."

"మాదీ ఎనిమిదే" అన్నాడాయన. అంతే, వెళ్ళి ఇంకో రికార్డు వేశాడు.

"ఆ పాటలు వింటే ఏమనిపించిందక్కా?" అని నేను ఒకసారి అడిగాను. కారు సరస్సు వంతెన మీద ఉంది. ఆమె నీళ్ళకేసి చూస్తూ చెప్పింది.

"జ్వరం దిగేటప్పుడు ఉంటుంది చూడు సుధా, ఒళ్ళు తేలికైపోయి, దుప్పటి చల్లగా తగులుతా, పక్కగదిలో ఎవరో మెల్లిగా మాట్లాడుకుంటా ఉంటే వినపడతా... అట్టా అనిపించింది. ఇంకా నిద్రలోనే ఉన్నాను, కానీ బాగైపోయానని తెలుస్తా ఉంది."

క్లైడ్ నెలకో ఆదివారం, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా, ఒక హాల్లో సోల్ నైట్ పెట్టేవాడు. ఉమక్క మొదట ఆయన రికార్డు పెట్టెలు అందించేది. ఏడాది తిరిగాక ఆయన ఇరవై నిమిషాలు ఆమెకిచ్చాడు. రికార్డు మీద ముల్లు పెట్టేటప్పుడు అది జారి, పాట మధ్యలో పడింది. అయినా జంటలు ఆ మధ్యనుంచే అందుకున్నారు. మూడేళ్ళకి సగం సాయంత్రం ఆమెదే. గరాజ్ సేళ్ళలో, మూతపడ్డ షాపుల్లో తన రికార్డులు తనే ఏరుకునేది. కృష్ణమోహన్‌గారికి పాటంటే పట్టదు. కానీ ఎనిమిదేళ్ళపాటు స్పీకర్లు కారెక్కించి దించింది ఆయనే.

అరోరాకి ఎనభై, తొంభై మంది వచ్చేవాళ్ళు. అయిదింటికి మొదలంటే ఆరున్నరకి వచ్చేవాళ్ళు, కానీ పెళ్ళికొచ్చినట్టు తయారై వచ్చేవాళ్ళు. వాళ్ళకి కావలసింది నడకలాంటి పాట. వేగం పెరిగితే కుర్చీల్లోకి పోతారు, మరీ నెమ్మదిస్తే మంచినీళ్ళకి లేస్తారు. వెనక వయొలిన్లు ఉండాలి, గొంతు మెత్తగా ఉండాలి, బాధైనా మర్యాదగా చెప్పుకోవాలి. ఉమక్క అదే సోల్ అనుకుంది. దేశమంతా అంతే అనుకుంది.

2018లో కృష్ణమోహన్‌గారికి కాలిఫోర్నియాలో ఉద్యోగం వచ్చింది. డబ్లిన్‌లో ఇల్లు అద్దెకి తీసుకున్నారు. అప్పటికి ఉమక్కకి వర్క్ పర్మిట్ వచ్చి, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తోంది. వారాంతం వచ్చిందంటే పాటలవాళ్ళెక్కడున్నారని వెతుక్కునేది. వెతగ్గా హేవర్డ్‌లో ఒక టైర్ల షాపు వెనక, ఆదివారం మధ్యాహ్నాలు దొరికారు. ఎక్కువమంది మెక్సికన్ కుటుంబాల వాళ్ళు. నేలకి రాసుకుపోతాయా అన్నంత కిందికి దించిన పాత కార్లు, అద్దంలా తుడిచినవి, వరసగా నిలబడి ఉన్నాయి. మడత కుర్చీల్లో అమ్మమ్మలు, గొడుగుల కింద పసిపిల్లలు. రూబెన్ అనే నడివయసు మనిషి రికార్డులు వేస్తున్నాడు. ఉమక్క తన సంగతి చెప్పుకుంటే, "రెండు వెయ్యి చూద్దాం" అన్నాడు.

అరోరాలో హాలు హాలంతా లేచిన పాట తీసి వేసింది. ఒక్కరూ తల తిప్పలేదు. పిల్లలు చిప్స్ తింటూనే ఉన్నారు. పాట అయిపోయేసరికి ఆమె చెవులు కాలిపోతున్నాయి.

"మంచి పాటే" అన్నాడు రూబెన్. "కానీ దానికి ఎక్కడికో వెళ్ళాలని తొందర. మేం ఇక్కడ డాన్స్ చెయ్యడానికి రాం, పంపించుకోవడానికి వస్తాం."

ఏం పంపించుకుంటారో అప్పుడు చూసింది. జనం చీటీలు రాసి ఇస్తున్నారు. ఆసుపత్రిలో ఉన్న తల్లికి, జైల్లో ఉన్న తమ్ముడికి, ఎదురుగా కుర్చీలో కూర్చున్న భార్యకి. రూబెన్ చీటీ చదివి, పాట వేస్తాడు. పాట నెమ్మదిగా ఉండాలి. మగవాడు ఆడగొంతంత ఎత్తులో, ఊపిరి తెగుతుందేమో అన్నంత సన్నగా పాడాలి. ఉమక్క పెట్టె అడుగున వెతికి, అరోరాలో ఎవరూ లేవని ఒక పాట బయటికి తీసింది. అది మొదలైన రెండో నిమిషంలో వరసలో చివరి కారు తలుపు తెరుచుకుంది. ముసలాయన ఒకాయన దిగి, టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని, పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత టోపీ పెట్టుకుని మళ్ళీ కార్లో కూర్చున్నాడు.

"అరోరాలో ఆ పాటని నేను తప్పు పట్టాను సుధా" అంది నాతో. "తప్పు పాటది కాదు. అది దాని ఊరికి చేరలేదు, అంతే."

2020 ఏప్రిల్లో, అందరి ఫోన్లూ చెడ్డ వార్తలే మోస్తున్న రోజుల్లో, అరోరాలో క్లైడ్ పోయాడు. ఎవరూ వెళ్ళడానికి లేదు. హేవర్డ్‌లో మళ్ళీ జనం కూడడం ఏడాది తర్వాతే. ఆ మొదటి ఆదివారం ఉమక్క తనూ ఒక చీటీ రాసి రూబెన్‌కిచ్చింది. అతను మైకులో చదివాడు. "అరోరాలో ఉన్న క్లైడ్‌కి, ఉమ నుంచి. నీ దారి పొడుగునా గ్రీన్ లైట్లే ఉండాలి." క్లైడ్ ఎవరో అక్కడెవరికీ తెలియదు. అయినా కార్లవాళ్ళు హారన్లు మోగించారు, చిన్నగా, ఒకరి తర్వాత ఒకరు. ఆ పాట వాళ్ళకి నచ్చే నెమ్మది పాట కాదు. అరోరా నడక పాటే. ఆ ఒక్కసారికీ అందరూ విన్నారు.

2022లో వాళ్ళు జార్జియా వచ్చారు. ఫోర్సైత్ కౌంటీలోని కమ్మింగ్‌లో, మా ఎదురిల్లు కొనుక్కున్నారు.

వచ్చిన రెండో నెల్లోనే మా కాలనీ క్లబ్‌హౌస్ బుక్ చేసింది. శనివారం సాయంత్రం ఏడు గంటలకి సోల్ నైట్, అందరూ రావాలని మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మొదటిసారి యాభై రెండు మంది వచ్చారు. అందరూ మనవాళ్ళే, అందరి చేతుల్లోనూ అల్యూమినియం ట్రేలు. ఉమక్క అరోరా పాటలు వేసింది, హేవర్డ్ పాటలు వేసింది. గారెలు బాగున్నాయన్నారు. ఎనిమిదిన్నరకి ఎవరో, "అక్కా, ఇక ఒకటి మన పాట వెయ్యండి" అన్నారు. ఆ ఎవరో నేనే. ఉమక్క బాధపడలేదు, ఫోన్ కలిపి మన పాటలు పెట్టింది. పిల్లలూ పెద్దలూ లేచి గంతులేశారు. ఆమె రికార్డులు కవర్లలో పెట్టుకుంటూ మమ్మల్ని చూసి నవ్వుతూ ఉంది. ఇంటికి వచ్చాక నాకు ఎందుకో నిద్ర పట్టలేదు.

రెండో నెల తొమ్మిది మంది. మూడో నెల ఉమక్క దగ్గర్లోని ఊళ్ళన్నీ తిరిగి రికార్డు షాపుల్లో, బార్బర్ షాపుల్లో కాగితాలు అంటించి వచ్చింది. గెయిన్స్‌విల్‌లో అయితే పాతిక చోట్ల. ఆ శనివారం కుర్చీలు వేసుకుని చూశాం. నేనూ, కృష్ణమోహన్‌గారూ, మా వీధి చివర ఉండే తెల్లవాళ్ళు భార్యాభర్తలూ. వాళ్ళది కరొలినా. సముద్రం పక్క పాత సోల్ పాటలకి చేతులు పట్టుకుని నాట్యం చెయ్యడం వాళ్ళవైపు అలవాటట. వాళ్ళకి కాస్త వేగం కావాలి, హుషారుగా ఉండాలి. ఇద్దరే ఖాళీ హాల్లో ఎంతో అందంగా నాట్యం చేసి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు.

"గెయిన్స్‌విల్ నుంచి ఒక్కరన్నా ఎందుకు రాలేదంటావ్?" అంది ఉమక్క.

"దూరమని కావచ్చక్కా."

"నలభై నిమిషాలు దూరమా? అరోరాకి గంటన్నర డ్రైవ్ చేసుకుని వచ్చేవాళ్ళు."

తెలుసుకోవాలని ఒక ఆదివారం బయలుదేరింది. నేను డ్రైవ్ చేశాను. గెయిన్స్‌విల్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో, చర్చి అయ్యాక, భోజనాల వేళ పాటలు వేస్తారని ఎవరో చెప్పారు. నలభై, యాభై మంది ఉన్నారు. ఇక్కడ జంటల నాట్యం లేదు, చీటీలూ లేవు. అందరూ కూర్చునే ఉన్నారు, కానీ ఎవరూ ఊరికే లేరు. పాట ఒక మాట అంటే వీళ్ళు తిరిగి ఇంకో మాట అంటున్నారు. రికార్డులో ఆవిడ మొగుడు వెళ్ళిపోయిన సంగతి చెప్పుకుంటుంటే, మూల బల్ల దగ్గర్నుంచి ఒకావిడ, "చెప్పు తల్లీ, ఏదీ దాచకు" అని కేకేసింది. గొంతులు గరుకు. వెనక ఆర్గన్ గుళ్ళో మోగినట్టు మోగుతోంది. ఆవిడ ఏడుస్తోందో పాడుతోందో చెప్పడం కష్టం.

ఆ కేకేసినావిడే మిస్ ఎర్లీన్. డెబ్బై ఏడేళ్ళు. కోళ్ళ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైంది. ఉమక్క తన పరిచయం చెప్పుకుని, కాగితం బయటికి తీసి చూపించింది.

"మేడమ్, ఇది పాతిక చోట్ల అంటించాను. ఒక్కరూ రాలేదు. పాటలు మీకు నచ్చేవి కావా?"

ఎర్లీన్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. పక్కనున్నవాళ్ళు కూడా వంగి చూశారు.

"టైమ్ ఏం రాశావు?"

"ఏడు గంటలకండీ."

"సాయంత్రం ఏడు గంటలకి, ఫోర్సైత్ కౌంటీలో." కాగితం బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. "హనీ, నువ్వు ఎంతకాలమైంది అక్కడికి వచ్చి?"

"ఆరు నెలలు."

"అయితే నీకు ఎవరూ చెప్పి ఉండరు."

ఆమె చెప్పింది. గొంతు పెంచలేదు. 1912లో వాళ్ళ అమ్మమ్మకి పదేళ్ళు. వాళ్ళకి ఫోర్సైత్ కౌంటీలో నలభై ఎకరాల పొలం, ఒక గాడిద, కొత్తగా వేసిన రేకు కప్పు ఇల్లు. ఆ శరదృతువులో గుర్రాల మీద మనుషులు రాత్రిపూట ఇల్లిల్లూ తిరిగి, వెళ్ళిపొమ్మన్నారు. చర్చిలు తగలబెట్టారు. కౌంటీలో ఉన్న నల్లవాళ్ళందరూ, వెయ్యి మందికి పైగా, కొన్ని వారాల్లో వెళ్ళిపోయారు. వీళ్ళు నదికి ఇవతల ఉన్న గెయిన్స్‌విల్ దాకా నడిచి వచ్చారు. పొయ్యి మీద గింజలు ఉడుకుతుండగానే బయలుదేరామని, దారంతా ఆ వాసన వస్తూనే ఉందని అమ్మమ్మ చెప్పేదట. ఆ తర్వాత డెబ్బై ఎనభై ఏళ్ళు అక్కడ నల్లవాళ్ళెవరూ ఉండలేదు.

"పొద్దుగూకేసరికి అక్కడ ఉండొద్దని అమ్మమ్మ అమ్మకి చెప్పింది. అమ్మ నాకు చెప్పింది. 1987లో నల్లవాళ్ళకీ అక్కడ హక్కుందని ఊరేగింపుగా వెళ్ళినవాళ్ళ మీద రాళ్ళు వేస్తుంటే టీవీలో చూశాను. ఇప్పుడు మారిందని తెలుసు. నా మనవడు అక్కడే పనిచేస్తాడు. మీలాంటివాళ్ళు ఎంతమందో వచ్చారని చెబుతాడు. అదంతా నా తలకి తెలుసు. కాళ్ళకింకా తెలియలేదు."

ఉమక్క ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఎర్లీన్ ఆమె చెయ్యి తట్టి, "తిన్నారా మీరు?" అని అడిగింది. మాకిద్దరికీ ప్లేట్లు తెప్పించింది. నేను మాంసం తింటాను, ఉమక్క తినదు. ఆమె కోసం కూరాకులో మాంసం ముక్కలు పడ్డాయా అని ఒకావిడ గరిటెతో వెతికి వెతికి, చివరికి మొక్కజొన్న రొట్టె ఇచ్చింది.

తిరిగి వచ్చే దారిలో సరస్సు మీద పొద్దు వాలుతోంది. నీళ్ళు, ఆకాశం, వంతెన, అన్నీ ఒకే రంగులోకి కరిగిపోతున్నాయి. కారు నడుస్తోందో, నిలబడి ఉంటే దారే మా కిందనుంచి జారిపోతోందో తెలియని వేళ. నేను ఆరేళ్ళుగా కమ్మింగ్‌లో ఉంటున్నాను. ఏ స్కూలుకి ఎంత రేటింగో చెప్పగలను, ఏ వీధిలో ఇల్లు ఎంతకి పోయిందో చెప్పగలను.

"నాకు తెల్వదక్కా" అన్నాను. "నిజంగ తెల్వదు."

"నిన్నెవరూ అడగలేదులే" అంది. వంతెన దాటాక మళ్ళీ తనే అంది. "మన ఇళ్ళున్న చోట ఎవరి చేలుండేయో."

మర్నాటి నుంచి ఉమక్క మా క్లబ్‌హౌస్ జోలికి వెళ్ళలేదు. ప్రతి రెండో ఆదివారం గెయిన్స్‌విల్ వెళ్ళడం మొదలుపెట్టింది. మొదట్లో వినడానికే. తర్వాత ఆ హాలువాళ్ళు ఆమెని రెండు వెయ్యమన్నారు. అరోరా పాట వేస్తే ఎర్లీన్ మూతి విరిచింది.

"బాగుంది. కానీ మరీ ఇస్త్రీ చేసినట్టుంది. వీడికి చెమట పట్టదా?"

హాలంతా నవ్వారు. ఉమక్క కూడా నవ్వింది. ఇంటికొచ్చి ఆ కవరు మీద రాసుకుంది: "గెయిన్స్‌విల్: చెమట లేదు." ఏడాదిలో ఆమె దగ్గర చెమట పట్టే పాటలు మూడు పెట్టెలయ్యాయి. చిన్న చిన్న దక్షిణాది ఊళ్ళలో, కోళ్ళఫారాల పక్క గదుల్లో రికార్డు చేసినవి. ఎక్కడ ఆర్గన్ ఊపిరి పీలుస్తుందో, ఎక్కడ పాడేవాడు పాట వదిలేసి మామూలుగా మాట్లాడతాడో, ఆమె కళ్ళు మూసుకుని చెప్పేది. ఎర్లీన్ కేక ఎక్కడ పడుతుందో కూడా ముందే తెలిసేది. ఆ చోటు రాగానే రికార్డు శబ్దం కొంచెం తగ్గించి, ఆవిడకి జాగా ఇచ్చేది.

2023 అక్టోబర్లో ఒక ఆదివారం, పెట్టెలు సర్దుతుండగా, ఉమక్క అడిగింది.

"మిస్ ఎర్లీన్, మా దగ్గర పగలు పెడితే వస్తారా? మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలుపెట్టి నాలుగింటికల్లా ఆపేస్తాను. వెలుతురుండగానే ఇంటికి వచ్చేయొచ్చు. రావాలని అడగట్లేదు. పెట్టమంటారా వద్దా అని అడుగుతున్నాను."

ఎర్లీన్ ఒక పెట్టె మూత తనే వేసింది.

"పెట్టు" అంది. "వస్తానని మాటివ్వను."

అలా మా వాట్సాప్ గ్రూపులోకి కొత్త మెసేజ్ వచ్చింది. నవంబర్ రెండో శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటకి సోల్ నైట్. పట్టపగలు నైట్ ఏమిటని గ్రూపులో జోకులు పడ్డాయి. ఉమక్క జవాబివ్వలేదు. నేనే ఇచ్చాను. 1912 సంగతి, ఎర్లీన్ చెప్పినంతవరకు, తెలుగులో టైప్ చేసి పెట్టాను. ఆ తర్వాత జోకులు ఆగిపోయాయి. రాత్రికి ఒక్కొక్కరే, "మేం వస్తాం", "మేమూ వస్తాం" అని పెట్టారు.

ఆ శనివారం ఒంటిగంట అయింది. మనవాళ్ళు ముప్పై మంది, కరొలినావాళ్ళు ఇద్దరు. ఒంటిగంటా ఇరవై. ఉమక్క రికార్డులు వేస్తోంది కానీ కళ్ళు అద్దాల తలుపు మీదే ఉన్నాయి. ఒంటిగంటా నలభైకి తెల్లటి చర్చి వ్యాన్ ఒకటి మా గేటు దగ్గర ఆగింది. గేటు కోడ్ తెలియక ఆగింది. కృష్ణమోహన్‌గారు వాకిట్లోంచి పరిగెత్తారు. ఆయన పరిగెత్తడం నేను అదొక్కసారే చూశాను. గేటు తెరిచి, వ్యాన్ వెళ్ళిపోయాక కూడా ఆయన గేటు పట్టుకునే నిలబడ్డారు, మళ్ళీ ఎక్కడ మూసుకుంటుందో అన్నట్టు.

పద్నాలుగు మంది దిగారు. నిమ్మపండు రంగు గౌను, అదే రంగు టోపీతో ఎర్లీన్. ఆమె చెల్లెలు మాత్రం దిగలేదు. కిటికీ అద్దం దించి, "నాకు ఇక్కణ్ణుంచి వినబడుతుంది" అంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. నేను ఆమెకి పులిహోర ప్లేటు తీసుకెళ్ళి ఇచ్చాను. మా పాప ఆ వ్యాన్ మెట్టు మీద కూర్చుని, "ఆంటీ, డు యు లైక్ ఇట్? పల్లీలు తీసెయ్యొచ్చు, ఇఫ్ యు డోంట్ లైక్" అని కబుర్లు మొదలుపెట్టింది.

లోపల ఎర్లీన్ మొదటి పాటకి కేకెయ్యలేదు. రెండో పాటకీ వెయ్యలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అద్దాల్లోంచి బయట పైన్ చెట్లకేసి చూస్తూ కూర్చుంది. మూడో పాటలో, కేక పడాల్సిన చోట, ఉమక్క ఎప్పటిలాగే శబ్దం తగ్గించింది. హాలంతా ఖాళీ అయినట్టు అయింది. అప్పుడు, చాలా చిన్నగా, ఎర్లీన్ అంది.

"చెప్పు తల్లీ."

ఆ తర్వాత ఆ హాలు ఎవరిదో తెలియలేదు. గెయిన్స్‌విల్ వాళ్ళు జవాబులిచ్చారు. కరొలినా జంట నాట్యం చేస్తుంటే చూసి, ఆ అడుగులు ఎక్కడ నేర్చుకున్నారని ఎగతాళి చేశారు. మనవాళ్ళ పిల్లలు ఏ పాటకైనా ఒకలాగే గంతులేశారు. హర్షవర్ధన్‌గారని, మా గ్రూపులో అందరికంటే పెద్దాయన, ఒక పాట విని, "ఈ గొంతు మా ఊళ్ళో భజన చేసే ఆయన గొంతులా ఉందమ్మా" అని కళ్ళు తుడుచుకున్నాడు.

నాలుగైంది. ఉమక్క మాట ప్రకారం ప్లేయర్ ఆపేసింది. పెట్టెల మూతలు పెట్టడం మొదలుపెట్టింది. కొందరు లేచారు. అద్దాల బయట ఎండ చెట్ల మొదళ్ళ దాకా దిగింది.

"ఎందుకు ఆపావు?" అంది ఎర్లీన్.

"నాలుగైందండీ. ఇంకో గంటన్నరలో చీకటి పడుతుంది."

ఎర్లీన్ లేచింది. తలుపు తీసుకుని బయటికి వెళ్ళి, క్లబ్‌హౌస్ వెనక గడ్డి మీద నిలబడింది. నేను ఆమె వెంట వెళ్ళాను.

"నది ఎటు?" అని అడిగింది. నేను తూర్పుకి చూపించాను. అటు తిరిగి కాసేపు నిలబడింది. లోపలికి వచ్చి అదే కుర్చీలో కూర్చుంది.

"ఇంకోటి వెయ్యి" అంది.

వ్యాన్‌లో వచ్చినవాళ్ళలో నలుగురు వెళ్ళిపోతామన్నారు. కరొలినావాళ్ళు తమ ఏడు సీట్ల కార్లో వాళ్ళని గెయిన్స్‌విల్ దాకా దింపడానికి బయలుదేరారు. మిగిలిన పదిమంది ఉన్నారు. ఉమక్క వరసగా వేసింది. గరుకువి వేసింది, ఇస్త్రీవి వేసింది, టోపీ తీయించినది వేసింది. బయట ముందు గడ్డి నల్లబడింది, తర్వాత చెట్లు, తర్వాత ఆకాశం. వీధి లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. ఎవరూ లైటు వెయ్యడానికి లేవలేదు. ఆ చీకట్లో పాట ఒక్కటే కదులుతోంది. అందరి ముఖాలూ ఒకే నీళ్ళలో మునిగి ఉన్నట్టున్నాయి.

"ఇప్పుడు చీకటి పడిందా?" ఎర్లీన్ గొంతు.

"పడిందండీ."

ఆమె ఊపిరి పీల్చి వదలడం వినిపించింది. ఆరున్నరకి టోపీ సర్దుకుని, వ్యాన్ ఎక్కింది. మా పాప అప్పటికే లోపల ఆమె చెల్లెలి ఒళ్ళో నిద్రపోయింది. దించుకోవడానికి వెళ్తే, చెల్లెలు పెదవుల మీద వేలు పెట్టి, కాసేపాగమంది. వ్యాన్ మరో పది నిమిషాలు ఆగే వెళ్ళింది.

ఇప్పుడు నెలకో శనివారం జరుగుతోంది. ముప్పై మంది వస్తారు, ఒక్కోసారి అరవై. కొందరు వెలుతురుండగానే వెళ్ళిపోతారు, కొందరు ఉంటారు. ఎందుకని ఎవరూ ఎవరినీ అడగరు. ఎర్లీన్ చెల్లెలు పోయిన నెల వ్యాన్ దిగి, వరండాలో కుర్చీ వేయించుకుంది.

మొన్న ఉమక్క ఇంట్లో కూర్చుని ఉండగా ఫోన్ వచ్చింది. అట్లాంటా నుంచి ఎవరో ఆవిడ. సోల్ నైట్ గురించి విన్నానని, రావాలనుందని, కానీ ముందొకటి తెలుసుకోవాలని అడుగుతోంది. షికాగోవాళ్ళ పద్ధతా, దక్షిణాది పద్ధతా, కమ్మింగ్‌లో ఎలాంటి పాటలు నచ్చుతాయి?

ఉమక్క ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"ఇంకా తెలీదండీ" అంది. "ఇప్పుడిప్పుడే మొదలైంది. మీరు ఒంటిగంటకి రండి."